వాక్యం పేరు తెలుసు, చుక్క పెట్టడం తెలియదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక ఆదివారం విద్యార్థుల పేజీలో వస్తున్న ఇంగ్లీషు వ్యాకరణ పాఠాలను మా మనవరాలి కోసం కత్తిరించి దాచిపెడుతున్నాను. అందులో ఒక వారం వాక్య భేదాల గురించి, ఆ మరుసటి వారం విరామ చిహ్నాల గురించి ఇచ్చారు. రెండూ శ్రద్ధగా రాసినవే. అయితే ఒకదానికి మరొకదానితో సంబంధమే లేనట్టు వాటిని విడదీయడం వల్ల, పిల్లలకు అసలు చిక్కు ఎక్కడ వస్తుందో ఆ చోటు రెండు పాఠాల నడుమ జారిపోయిందని నాకు తోచింది. నేను ఇంగ్లీషు ఉపాధ్యాయురాలిని కాను. పూర్వపు చిత్తూరు జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితురాలిగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత తిరుపతిలో ఉంటున్నాను. ఇంగ్లీషు పాఠం మీద తెలుగు పంతులమ్మకు ఏం పని అని మీ పాఠకులు అనుకోవచ్చు. పని ఉందనే నా మనవి.

మా మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతోంది. దాని ఇంగ్లీషు నోటుబుక్కులో ఒక పుట నిండా పది వాక్యాలిచ్చి, ఏది ఏ రకమో రాయమన్నారు. అసర్టివ్ (విషయం చెప్పేది), ఇంటరాగేటివ్ (ప్రశ్న), ఇంపరేటివ్ (ఆజ్ఞ), ఎక్స్‌క్లమేటరీ (ఆశ్చర్యం) అని వరుసగా రాసి పదికి పది మార్కులు తెచ్చుకుంది. పుట తిప్పితే మా ఊరి తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర జరిగే గంగజాతర మీద అది సొంతంగా రాసిన వ్యాసం ఉంది. పదకొండు పంక్తులు, నడుమ అంతా కామాలు, చిట్టచివర ఒకే ఒక్క చుక్క. దిద్దినవారు ఎర్ర సిరాతో పుట పొడుగునా ఒక నిలువు గీత గీసి, కింద 'పంక్చుయేషన్' అని ఒక్క మాట రాసి వదిలేశారు. "ఇందులో తప్పేముంది అవ్వా?" అని అది అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అరవై మంది పుస్తకాలు దిద్దాల్సిన వారిని నేను తప్పుపట్టను, ఆ గీత నేనూ ఎన్నోసార్లు గీసినదే. కానీ ఆ పుటను నాలుగుసార్లు చదివాక నాకు కనబడినది ఇంగ్లీషు తప్పు కాదు, చక్కటి తెలుగు వాక్యం.

అది మనసులో అనుకున్నది ఇది: "పొద్దున్నే లేచి, తలస్నానం చేసి, తాతయ్యగుంటకు పోయి, పొంగలి పెట్టి, ఇంటికి వచ్చి అన్నం తిన్నాం." ఈ వాక్యంలో సమాపక క్రియ ఒక్కటే. మిగిలినవన్నీ క్త్వార్థకాలు, అంటే ఇంకా పూర్తి కాలేదు, ముందుకు చదవండి అని చెప్పే క్రియలు. ఒక్కొక్క 'ఇ'కారం చదివేవారి చేయి పట్టుకుని తరువాతి పనికి నడిపిస్తుంది కనుక వాటి మధ్య కామా ఉన్నా లేకున్నా తెలుగుకు నష్టం లేదు. పిల్ల దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు "వి గాట్ అప్ ఎర్లీ, వి టుక్ బాత్, వి వెంట్ టు తాతయ్యగుంట, వి ఆఫర్డ్ పొంగలి, వి కేమ్ హోమ్, వి ఏట్" అని రాసింది. ఇక్కడ ప్రతి ముక్కకూ కర్త ఉంది, కాలం తెలిపే పూర్తి క్రియ ఉంది. అంటే ఒక వాక్యం ఆరు వాక్యాలైంది. గుర్తులు మాత్రం పాతవే మిగిలాయి. ఒంటరి కామాకు రెండు పూర్తి వాక్యాలను కట్టిపడేసే బలం ఇంగ్లీషులో లేదు. దీనిని వాళ్లు కామా స్‌ప్లైస్ అంటారు. చుక్కయినా పెట్టాలి, సెమికోలనైనా పెట్టాలి, కామాకు తోడుగా 'అండ్' లాంటి మాటైనా చేర్చాలి. ఇవేవీ అక్కర్లేని సులువైన దారి ఇంకొకటి ఉంది. రెండో ముక్క నుంచి ఆ 'వి'లన్నీ తీసేసి, ఆఖరి క్రియకు ముందు 'అండ్' పెడితే చాలు: "వి గాట్ అప్ ఎర్లీ, బేద్డ్, వెంట్ టు తాతయ్యగుంట, ఆఫర్డ్ పొంగలి, కేమ్ హోమ్ అండ్ ఏట్." ఇప్పుడు కర్త ఒక్కటే, క్రియలు జాబితాగా నిలిచాయి, పిల్ల పెట్టిన కామాలే ఒప్పయ్యాయి. ఇదంతా చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. అయితే క్త్వార్థకం అనే మాట తెలిసిన పిల్ల కాబట్టే పది నిమిషాల్లో అయింది.

ఇక్కడి నుంచి నాకు ఒక సంగతి మెల్లగా అర్థమైంది. ఇంగ్లీషులో పదాల వరుస, విరామ చిహ్నాలు కలిసి చేసే పనిని తెలుగులో చాలావరకు పదాల చివర ఉండే ప్రత్యయాలే చేసేస్తాయి. మన పాతకాలపు తాళపత్రాల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా ఉండదు. తిరుమల సంకీర్తన భాండాగారంలోని అన్నమయ్య కీర్తనల రాగి రేకులు చెక్కిన కాలానికి ప్రశ్న గుర్తు తెలుగు ముఖం చూడలేదు. అయినా ఆ కీర్తనల్లోని ప్రశ్నలు ప్రశ్నలుగానే మనకు చేరాయి. కామా, ప్రశ్నార్థకం వంటివి మనకు అచ్చు యంత్రంతో పాటు ఇంగ్లీషు పుస్తకాలను చూసి వచ్చినవి. వాటిని మనం నగల్లా పెట్టుకున్నాం, మరిచిపోయినా పని ఆగదు. ఇంగ్లీషుకు అవి నగలు కావు.

'వచ్చాడా' అన్న మాటను గుర్తు లేకుండా రాసినా చివరి దీర్ఘం అది ప్రశ్న అని చెబుతుంది. ఇంగ్లీషు ప్రశ్నలో సహాయక క్రియ కర్తకు ముందుకు దూకాలి, చివర గుర్తు నిలబడాలి. మన పిల్లలు రెండింటినీ వదిలేయడానికి కారణం మొద్దుతనం కాదు, వాళ్ల భాషలో ప్రశ్న అనేది మాటలోనే ఉండడం. ఆశ్చర్యార్థకం దగ్గర ఇది మరీ ముచ్చటగా కనిపిస్తుంది. "బస్సు ఎంత రద్దీగా ఉంది?" అంటే ప్రశ్న, "బస్సు ఎంత రద్దీగా ఉందో!" అంటే ఆశ్చర్యం. తేడా అంతా ఆ ఒక్క 'ఓ'లో ఉంది. ఇంగ్లీషులో అదే తేడాను వరుస చూపుతుంది: "హౌ క్రౌడెడ్ వాజ్ ది బస్?" ప్రశ్న, "హౌ క్రౌడెడ్ ది బస్ వాజ్!" ఆశ్చర్యం. మాటలన్నీ అవే, 'బస్', 'వాజ్' చోట్లు మార్చుకున్నాయి. ఈ రెండు జంటలనూ నల్లబల్ల మీద పక్కపక్కన రాస్తే మళ్లీ వివరణ అక్కర్లేదు. మీ పాఠంలో మాత్రం చివర ఆశ్చర్యార్థక గుర్తు ఉన్న వాక్యమల్లా ఎక్స్‌క్లమేటరీ అన్నట్టు రాశారు. "గెట్ అవుట్!" అనేదానికి ఆ గుర్తు ఉన్నా అది ఆజ్ఞే. 2016లో ఇంగ్లండు విద్యాశాఖ ఏడేళ్ల పిల్లల పరీక్షకు సంబంధించి, 'వాట్' లేదా 'హౌ'తో మొదలై క్రియ కూడా ఉన్న వాక్యాన్నే ఎక్స్‌క్లమేషన్‌గా లెక్కించాలని చెప్పి అక్కడి ఉపాధ్యాయుల చేత చీవాట్లు తిన్నది. అంత బిగువు మనకు అక్కర్లేదు గానీ, గుర్తు వేరు, వాక్యపు రకం వేరు అన్న సంగతి మాత్రం అందులో నిజం.

అవ్వను తినే జోకు మీకు తెలిసే ఉంటుంది. "లెట్స్ ఈట్, గ్రాండ్‌మా" అనేదాంట్లో కామా తీసేస్తే ముసలామెను తినేద్దాం అని అర్థం మారిపోతుందని చొక్కాల మీద కూడా అచ్చు వేస్తున్నారు. మా మనవరాలు దాన్ని ఫోనులో నాకు చూపి నవ్వింది. తెలుగులో ఈ జోకు ఎందుకు పేలదో చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి, "తిందాం అవ్వా అంటే పిలుపు, అవ్వను తిందాం అంటే నిన్ను తినడం, మధ్యలో 'ను' ఉంది కదా" అంది. సంబోధనకు దీర్ఘం, కర్మకు ద్వితీయా విభక్తి. ఈ రెండూ ఇంగ్లీషు నామవాచకానికి లేవు కనుక ఆ బరువంతా ఒక కామా మోస్తోంది. ఈ ఒక్క ఉదాహరణతో సంబోధనకు కామా ఎందుకు కావాలో అది ఇక మరచిపోదు.

నవ్వు తెప్పించే కామాయే కాదు, డబ్బు పోగొట్టిన కామా కూడా ఉంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో అదనపు గంటల వేతనం వర్తించని పనులను ఒక చట్టం వరుసగా చెబుతూ, చివర "ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్" అన్నది. 'షిప్‌మెంట్' తర్వాత కామా లేదు. దాంతో మినహాయింపు ప్యాకింగుకు మాత్రమేనా, పంపిణీకి కూడానా అన్న తగాదా వచ్చింది. ఓక్‌హర్స్ట్ డెయిరీ లారీ డ్రైవర్లు, తాము పంపిణీ చేస్తున్నామే గానీ ప్యాకింగు చేయడం లేదని కోర్టుకెక్కారు. 2017లో బోస్టన్‌లోని అప్పీలు కోర్టు ఆ వాక్యం సందిగ్ధమని చెప్పి డ్రైవర్ల వైపు నిలిచింది. 2018లో డెయిరీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. ఇదే చట్టాన్ని తెలుగులో రాసి ఉంటే 'రవాణా కోసం గానీ పంపిణీ కోసం గానీ ప్యాక్ చేయడం' అనో, 'రవాణాకు ప్యాక్ చేయడం, పంపిణీ చేయడం' అనో ఏదో ఒకటి తేల్చక తప్పేది కాదు. మన ప్రత్యయాలు రాసేవాణ్ణి దాక్కోనివ్వవు.

అలాగని తెలుగు ప్రతిచోటా గట్టిదని నేననడం లేదు. "రేణిగుంటలో పనిచేసే మా మామ వస్తున్నాడు" అన్నప్పుడు నాకు మామ ఒక్కడేనా, పలువురిలో రేణిగుంట మామ గురించి చెబుతున్నానా అన్నది తెలుగు వాక్యం చెప్పదు. ఇంగ్లీషులో "మై అంకుల్, హూ వర్క్స్ ఇన్ రేణిగుంట, ఈజ్ కమింగ్" అని రెండు కామాలు పెడితే మామ ఒక్కడే, కామాలు తీసేస్తే వేరే మామలూ ఉన్నారని. ఇది మన పిల్లలకు నిజంగా కొత్త, దీనికి ఎక్కువ సమయం ఇవ్వాలి.

ఇక 'అని' సంగతి. ఇది తెలుగు చేతిలో ఉన్న అద్భుతమైన పనిముట్టు, ఇంగ్లీషు కొటేషన్ గుర్తులు చేసే పనిని దాదాపు ఒంటిచేత్తో చేస్తుంది. మా వీధిలో ఉండే ఒక కుర్రవాడు ఇంటర్ చదువుతున్నాడు. జ్వరం వచ్చి రెండు రోజులు మానేసి, సోమవారం తండ్రి కాలేజీకి వచ్చి మాట్లాడతాడని చెప్పడానికి తమ అధ్యాపకుడికి ఫోనులో సందేశం పెట్టాడు. "సోమవారం కాలేజీకి వస్తానని నాన్న చెప్పారు" అన్నది వాడి మనసులోని మాట. రాసినది "మై ఫాదర్ టోల్డ్ ఐ విల్ కమ్ టు కాలేజ్ ఆన్ మండే". అవతలివారికి సోమవారం వచ్చేది కుర్రవాడని అర్థమైంది. ఆ రోజు తండ్రి వెళ్లాడు, కొడుకు ఇంట్లో మంచం మీద ఉన్నాడు, వస్తానని చెప్పి ఎగ్గొట్టాడని హాజరు దగ్గర పెద్ద రభస జరిగింది. తెలుగులో 'వస్తాను'లోని 'ను' నాన్నదే, ఎందుకంటే 'అని' ముందున్నదంతా ఆయన నోటి మాట. ఇంగ్లీషులో ఆ గోడ కట్టేవి కొటేషన్ గుర్తులే: "మై ఫాదర్ సెడ్, 'ఐ విల్ కమ్ ఆన్ మండే.'" గోడ వద్దనుకుంటే 'ఐ' పోయి 'హి' రావాలి, 'విల్' పోయి 'వుడ్' రావాలి. రిపోర్టెడ్ స్పీచ్ అంటూ మన పిల్లలతో ఏళ్ల తరబడి మార్పించేది ఇదే. కానీ ఎందుకు మార్చాలో చెప్పేటప్పుడు 'అని' అనే మాట ఇంగ్లీషు తరగతిలో వినబడదు.

దీని తోబుట్టువే లోపలి ప్రశ్న. "ఎక్కడికి పోతున్నావని అడిగాను" అని రాసినప్పుడు మనం చివర చుక్కే పెడతాం, ప్రశ్న గుర్తు పెట్టం. నేను అడిగానని చెబుతున్నానే గానీ మిమ్మల్ని అడగడం లేదు కదా. ఇంగ్లీషులోనూ "ఐ ఆస్క్డ్ హిమ్ వేర్ హి వాజ్ గోయింగ్" తర్వాత చుక్కే. 'వేర్' కనబడగానే పిల్లలు గుర్తు పెట్టేస్తారు, 'వేర్ వాజ్ హి గోయింగ్' అని వరుస కూడా తిప్పేస్తారు. ఇక్కడ తెలుగు అలవాటును నమ్ముకుంటే చుక్క సరిగ్గా పడుతుంది.

విరామ చిహ్నం అన్న పేరు కూడా కొంత తప్పుదోవ పట్టిస్తోందని నా అనుమానం. ఊపిరి తీసుకునే చోట కామా పెట్టమని మాకు చెప్పారు, మేమూ చెప్పాం. పూర్వం గ్రీకులు, బిగ్గరగా చదివేవారి కోసం చుక్కలు పెట్టిన కాలంలో అది నిజమే కావచ్చు. ఇప్పటి ఇంగ్లీషు కామా ఊపిరిని బట్టి కాదు, వాక్యం కట్టుబడిని బట్టి పడుతుంది. మనం తెలుగులో "తిరుపతి నుంచి చెన్నైకి పోయే రైలు" అని ఆగి, తర్వాత "ఆలస్యంగా వచ్చింది" అంటాం. ఆ ఊపిరిని నమ్మి "ది ట్రెయిన్ ఫ్రమ్ తిరుపతి టు చెన్నై, వాజ్ లేట్" అని రాస్తే తప్పు. కర్త ఎంత పొడుగైనా క్రియకూ దానికీ మధ్య ఒంటి కామా నిలబడదు. అదే "వెన్ ది ట్రెయిన్ కేమ్, వి గాట్ ఇన్" అన్నప్పుడు కామా కావాలి, వాక్యాన్ని తిప్పి 'వెన్'ను వెనక్కి పంపితే అక్కర్లేదు. తెలుగులో ఉపవాక్యం మామూలుగా ముందే వస్తుంది కనుక మన పిల్లలు ఇంగ్లీషులోనూ ముందే రాస్తారు. వాళ్లకు ఈ కామా అవసరం నూటికి తొంభై సార్లు పడుతుందన్నమాట.

అపాస్ట్రఫీ, అంటే అక్షరం పక్కన పైన కామాలా వేలాడే గుర్తు, దాని గురించి రెండు మాటలు చాలు. రైల్వే స్టేషన్ ఎదుటి లాడ్జీల బోర్డుల మీద 'రూమ్స్'లో 'ఎస్'కు ముందు అది వేలాడుతూ ఉంటుంది. బహువచనానికి దానితో పని లేదు. పెద్ద అక్షరాల సంగతి నేను తెలుగు లిపిలో రాస్తున్న ఈ లేఖలో చూపలేను. మన లిపిలో అవి లేవు కాబట్టే పిల్లలు మరచిపోతారు, అంతకంటే లోతు అందులో లేదు.

లోతు ఉన్నది వాక్య భేదాల పేర్లలో. మా తెలుగు పాఠంలో సామాన్య, సంక్లిష్ట, సంయుక్త వాక్యాలని చెబుతాం. ఇంగ్లీషు పాఠంలో సింపుల్, కాంప్లెక్స్, కాంపౌండ్ అంటారు. పిల్లలు ఒక్కొక్క పేరునూ ఒక్కొక్క దానికి ముడివేసుకుంటారు, ఉపాధ్యాయులమూ అలాగే వేస్తాం. ఆ ముడి అన్నిచోట్లా నిలవదు. "రాధ ఇంటికి వచ్చి అన్నం తిన్నది" మాకు సంక్లిష్టం. "రాధ కేమ్ హోమ్ అండ్ ఏట్" వాళ్లకు కర్త ఒకటై రెండు క్రియలున్న వాక్యం, కాంప్లెక్స్ ఎంతమాత్రం కాదు. "లత, గీత అక్కాచెల్లెళ్లు" మాకు సంయుక్తం, "లత అండ్ గీత ఆర్ సిస్టర్స్" వాళ్లకు సింపుల్. ఒకే పిల్ల ఒకే రోజు మూడో పీరియడ్‌లో ఒక జవాబు, నాలుగో పీరియడ్‌లో ఇంకో జవాబు ఒప్పని నేర్చుకుంటుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఈ విషయం మీద నేను మా ఇంగ్లీషు ఉపాధ్యాయులతో స్టాఫ్ రూములో ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడలేదు. తప్పు నాదే. అదీగాక, అసర్టివ్ వంటి నాలుగూ వాక్యం చేసే పనిని బట్టి పెట్టిన పేర్లని, సింపుల్ వంటి మూడూ వాక్యం కట్టుబడిని బట్టి పెట్టిన పేర్లని ఎక్కడా స్పష్టంగా చెప్పడం లేదు. "తలుపు వేసి లోపలికి రా" అన్న మాటను ఇంగ్లీషులో పెడితే అది ఆజ్ఞా అవుతుంది, 'అండ్' కలిపిన జంట కూడా అవుతుంది. చివర చుక్క పడాలా ప్రశ్న గుర్తు పడాలా అన్నది మొదటి లెక్క చెబుతుంది, లోపల కామాలు ఎక్కడ పడాలో రెండో లెక్క చెబుతుంది. మీరు రెండు ఆదివారాల్లో విడదీసిన పాఠాలను కలిపే కీలు ఇదే.

కాబట్టి నా విన్నపం చిన్నది. మన రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఒక పుటలో ఇంగ్లీషు, దాని ఎదుటి పుటలో తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు ఇప్పటికే ఉన్నాయి. వాటిని పిల్లలు అర్థం తెలియని మాటకు అర్థం వెతుక్కోవడానికే వాడుతున్నారు. అదే రెండు పుటలను పక్కపక్కన పెట్టి, ఇంగ్లీషు వైపు కామా ఉన్న చోట తెలుగు వైపు ఏ ప్రత్యయం ఉందో, ప్రశ్న గుర్తు ఉన్న చోట ఏ దీర్ఘం ఉందో, కొటేషన్ ఉన్న చోట 'అని' ఉందో లేదో గుర్తించమంటే అంతకు మించిన అభ్యాసం లేదు. మా ఇంట్లో ఈ పని రోజుకు ఒక పేరా చొప్పున మొదలుపెట్టాం. మీ ఆదివారం పేజీలో కూడా ప్రతి వారం ఒక తెలుగు పేరా, దాని ఇంగ్లీషు రూపం పక్కపక్కన అచ్చువేసి, ఇంగ్లీషులో విరామ చిహ్నాలన్నీ తీసేసి పిల్లలను పెట్టమని అడిగి, జవాబుతో పాటు కారణాన్ని మరుసటి వారం ఇవ్వగలరేమో ఆలోచించండి. ఇంగ్లీషు పాఠం రాసేవారు, తెలుగు తెలిసినవారు ఒకరు కలిసి దానిని చూస్తే మేలు.

మరొకటి. విరామ చిహ్నాల పాఠంలో ఏడవ ఉదాహరణ "ఐ ఆస్క్డ్ ది కండక్టర్ వెన్ ది బస్ వుడ్ స్టార్ట్" అనే వాక్యం చివర ప్రశ్న గుర్తు పడింది. అది చుక్క కావాలి. పిల్లలు కత్తిరించి దాచుకునే పేజీ కనుక వచ్చే ఆదివారం సవరణ వేయగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితురాలు,
తిరుపతి